ఏడవ ఏట భూమికి విశ్రాంతి

చదువవలసిన భాగములు: లేవీయకాండము 25:1-7, 18-23, ద్వితీయోపదేశకాండము 15:1-11, 31:10-13.



బీడు అనగా ఏమో మన అరకు లోయవారికిని, చుట్టునున్న కొండ గ్రామములవారికిని ఒకరు నేర్పనక్కరలేదు. మన పెద్దలు అనేకులు కొండవాలున చెట్లు నరికి కాల్చి, ఆ బూడిదలో చోళ్లును సామలును కందులును విత్తిరి. కొన్ని పంటలైన పిమ్మట ఆ చోటు విడిచి మరియొక చోటికి పోయిరి. విడిచినచోట అడవి మరల పెరిగి మన్నుకు బలము వచ్చెను. దీనినే పోడు అందుము. ఇప్పుడు జనులు పెరిగిరి, భూమి చాలకపోయెను; గనుక విడిచిపెట్టు ఏండ్లును తగ్గిపోయెను. విశ్రాంతి లేని కొండవాలున మన్ను వానకు కొట్టుకొనిపోయి రాళ్లు తేలుట చూచుచునే యున్నాము.

దేవుడు ఇశ్రాయేలీయులకు నియమించిన విశ్రాంతి సంవత్సరమును ఇట్టి బీడేనా? పోలిక కలదు గాని భేదము గొప్పది. పోడు చేయువాడు భూమి అలసినందున విడుచును. ఇశ్రాయేలీయుడు భూమి బాగుగా పండుచున్నను, దేవుడు సెలవిచ్చినందున విడువవలెను. ఇందులో మూడు సంగతులు నేర్చుకొందము.

1. భూమి దేవునిది. ఇశ్రాయేలీయులు ఆ భూమికి యజమానులు కారు, దేవుని యొద్ద కాపురమున్న అతిథులు. గనుక ఏడవ ఏట విత్తుట లేదు, కోసి కొట్లు నింపుకొనుట లేదు. తనంతట పండినది యజమానునికిని కూలివానికిని పరదేశికిని పశువులకును ఆహారము. అప్పుడు ఏమి తిందుమని వారు అడుగుదురని దేవుడు ముందే ఎరిగి, ఆరవ ఏటి పంటను మూడేండ్లకు చాలునట్లు దీవింతునని మాట యిచ్చెను. వారు ఆ మాట నమ్మలేదు. తుదకు వారు చెరపట్టబడగా, 70 ఏండ్లు ఆ దేశము పాడుగా నుండి తన విశ్రాంతిని పొందెనని రెండవ దినవృత్తాంతముల గ్రంథము 36:21 తెలుపుచున్నది. మనము ఇయ్యని విశ్రాంతిని భూమి ఒకనాడు తానే తీసికొనును.

2. అప్పు విడువవలెను. ఏడవ ఏడు దగ్గరపడెనని బీదవానికి ఇయ్యక చెయ్యి ముడుచుకొనుట పాపమని మోషే హెచ్చరించెను. మన మన్యమునకు అప్పు బాధ క్రొత్త కాదు. 1917లో మద్రాసు ప్రభుత్వము ఏజెన్సీ ప్రాంతములకు చట్టము చేసి, కొండజాతులవారి అప్పుపై ఏడాదికి నూటికి 24కు మించి వడ్డీ చెల్లదనియు, మొత్తము వడ్డీ అసలును మించరాదనియు విధించెను. ఇట్టి చట్టము కావలసివచ్చెననగా, ఆకలిగొన్నవాని అక్కర ఎందరికి లాభమయ్యెనో తెలియుచున్నది. అయితే షావుకారిని మాత్రమే నిందింపవద్దు. వానకాలమున పొరుగువాని గాదె ఖాళీయైనప్పుడు ఒక కుంచము కొలిచి, కోతనాడు రెండు కుంచములు పుచ్చుకొనువాడు మనతోకూడ ప్రభువు బల్లయొద్దకు వచ్చుటలేదా?

3. వాక్యము వినవలెను. ఆ ఏట పర్ణశాలల పండుగలో పురుషులు, స్త్రీలు, పిల్లలు, పరదేశులు అందరును కూడి ధర్మశాస్త్రము వినవలెను. విశ్రాంతి యనగా సోమరితనము కాదు; చేతులు ఆగినప్పుడు చెవులు తెరువబడవలెను. కాఫీ పండ్లు కోయు దినములలో మన ఆరాధన ఎందుకు పలుచనగునో ఆలోచింతము.

అర ఎకరము గలవాడు ఏమి చేయగలడని కొందరు అడుగుదురు. అతడు చేను బీడు పెట్టి పిల్లలను పస్తులుంచవలెనని మేము బోధింపము. అట్టి దినములు రాబోవువాటి నీడ యనియు, నిజస్వరూపము క్రీస్తులో ఉన్నదనియు కొలొస్సయులకు వ్రాయబడెను. నజరేతు సమాజమందిరములో ప్రభువు ప్రకటించిన విడుదల బీదవానికి భారము కాదు, సువార్త. అయితే కలిగినవారు ఈ నీడ వెనుక దాగకూడదు. ఎక్కువ చెక్కలు గలవాడు వంతు చొప్పున ఒక చెక్కను విడువగలడు. కోత తరువాత మిగిలిన వెన్నులను బీదలకు వదలగలడు. తీర్చలేనివాని అప్పు ఒకటి కొట్టివేయగలడు. ప్రభువు దినమున కూలివానికిని ఎద్దులకును విశ్రాంతి నియ్యగలడు.

ఈ నెల కుటుంబ ప్రార్థనలో అడుగుకొనుడి: మన చేతిలోనున్న దేనిని మనదే యని గట్టిగా పట్టుకొనియున్నాము? ఎవరి అప్పు మన యింటి ద్వారమున వారిని తలవంచజేయుచున్నది? పని ఆపిన దినమున దేవుడు పోషింపడని భయపడుచున్నామా?

ప్రార్థన: భూమికి యజమానుడవైన తండ్రీ, విడుచుటకు మాకు ధైర్యమును, విడిచిన పిమ్మట నీయందు నెమ్మదిని దయచేయుము. యేసు నామమున, ఆమేన్.