బూజు కర్ర తీసే ముందు పది నిమిషాలు



పండుగ వస్తోందంటే ఇంట్లో మొదటి పని బూజు దులపడం. సాలీడు కనిపిస్తే "అమ్మో" అని అరుస్తాం, చీపురు అందుకుంటాం. పక్కనున్న పిల్లలు మనం చెప్పే మాటల కన్నా ఆ అరుపునే త్వరగా నేర్చుకుంటారు. ఈసారి బూజు కర్ర తీసే ముందు పది నిమిషాలు పిల్లలతో కలిసి ఆ గూడును చూడండి. ఒక సైన్స్ పాఠం మీ ఇంటి మూలలోనే ఉంది.

సాలెపురుగు నిజంగా పురుగేనా?

పేరులో పురుగు ఉన్నా ఇది కీటకం కాదు. కీటకాలకు ఆరు కాళ్లు, శరీరంలో మూడు భాగాలు ఉంటాయి. సాలీడుకు ఎనిమిది కాళ్లు, రెండు భాగాలు. రెక్కలు ఉండవు. తేలు దీని బంధువే. సాలీడు పొట్టలో ద్రవంగా ఉండే ప్రోటీన్, బయటికి లాగే కొద్దీ గట్టి దారమవుతుంది.

ఇంట్లో ఒకలా, పెరట్లో ఒకలా

పైకప్పు మూలల్లో, మెట్ల కింద తలకిందులుగా వేలాడేది సన్నని పొడవు కాళ్ల సాలీడు. గూడును కదిపితే ఒళ్లంతా గబగబా ఊపుతుంది. అప్పుడది కంటికి మసకగా కనిపిస్తుంది, శత్రువుకు దొరకదు. ఆడది గుడ్ల ముద్దను నోట కరచుకుని మోస్తుంది. దోమలు దీని ఆహారంలో ఒకటి. గూడు లేకుండా రాత్రిళ్లు గోడల మీద తిరిగే పెద్ద సాలీడు బొద్దింకలను వేటాడుతుంది.

పెరటి మొక్కల మధ్య గూడు చక్రంలా ఉంటుంది. మధ్య నుంచి బయటికి వెళ్లే దారాలకు జిగురు ఉండదు, చుట్టూ తిరిగే దారానికి ఉంటుంది. ఇలాంటి గూడు కట్టే సాలీళ్లలో చాలా రకాలు పాత దారాన్ని తామే తినేసి కొత్తది అల్లుకుంటాయి.

ఒంటిపై పొక్కులు వస్తే

"సాలీడు పాకింది" అని పసుపు రాసి ఊరుకోవద్దు. వానాకాలంలో లైట్ల దగ్గరికి వచ్చే ఒక రకం చిన్న పురుగు ఒంటిపై నలిగినా మంట, పొక్కులు వస్తాయి. కొన్ని వైరస్‌ల వల్ల కూడా వస్తాయి. నిజమైన కారణం తెలియాలంటే డాక్టర్‌కు చూపించండి.

పిల్లలతో చేయించండి

1. కాళ్లు లెక్కపెట్టమనండి. కీటకానికీ దీనికీ తేడా వాళ్లనే చెప్పనివ్వండి.
2. గూడు చక్రంలా ఉందా, చిక్కుపడిన దారంలా ఉందా? బొమ్మ గీయమనండి.
3. గూటిలో ఏవి చిక్కాయో చూసి రాయమనండి.
4. మర్నాడు ఉదయం అదే చోట మళ్లీ చూడమనండి. ఏం మారింది?

చేత్తో మాత్రం ముట్టుకోనివ్వద్దు. బయటికి పంపాలంటే మీరే దానిపై గ్లాసు బోర్లించి, కింద అట్టముక్క జరిపి, మొక్కల దగ్గర వదలండి.

ఆ తర్వాత బూజు నిశ్చింతగా దులపండి. దుమ్ము పట్టి వేలాడేది చాలావరకు సాలీడు వదిలేసిన పాత గూడే. పని చేస్తూ శ్రీకాళహస్తి కథ కూడా చెప్పండి. ఆ ఊరి పేరులో 'శ్రీ' అంటే సాలీడు, 'కాళ' అంటే పాము, 'హస్తి' అంటే ఏనుగు అని స్థలపురాణం. మనం భయపడే చిన్న ప్రాణికి మన పెద్దలు ఊరి పేరులోనే మొదటి చోటు ఇచ్చారని పిల్లలకు తెలియాలి.