కాలు చెప్పిందే కొలత

ఆరోగ్య ప్రశ్నోత్తరాలు – ఈ వారం: నడక బూట్లు

తెల్లవారుజామున సరూర్‌నగర్ చెరువు కట్ట మీద, విక్టోరియా మెమోరియల్ హోం మైదానంలో నడిచేవాళ్లను చూస్తే ముచ్చటేస్తుంది. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల ఒక మోస్తరు వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రోజుకు అరగంట చొప్పున వారంలో అయిదు రోజులు చురుగ్గా నడిస్తే ఆ లెక్క సరిపోతుంది. కానీ నడక మొదలుపెట్టిన నెలలోపే మడమ నొప్పి అనో, వేళ్లు ఒరుసుకుపోయాయనో మానేసి నా దగ్గరికి వచ్చేవాళ్లు ఎందరో. వాళ్లు గుమ్మం దగ్గర విప్పిన బూట్లు చూస్తే చాలాసార్లు సగం సంగతి తెలిసిపోతుంది. అందుకే ఈ వారం దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వైపు పాఠకులు పాదాల గురించి అడిగిన ప్రశ్నలకే చోటిస్తున్నాను.

ప్రశ్న: నా వయసు 61. టీచరుగా రిటైరయ్యాను. బీపీ ఉందని డాక్టరు నడవమన్నారు. దిల్‌సుఖ్‌నగర్‌లో షూస్ కొన్నాను. కొంచెం బిగుతుగా ఉన్నాయంటే, వాడగా వాడగా వదులవుతాయని దుకాణంలో చెప్పారు. నెల తిరిగేసరికి రెండు బొటనవేళ్ల గోళ్లూ నల్లబడ్డాయి. షూస్ ఎలా చూసి కొనాలి?
– ఓ పాఠకుడు, కొత్తపేట

జవాబు: నడిచేటప్పుడు పాదం బూటులో కాస్త ముందుకు జారుతుంది. ముందు ఖాళీ లేకపోతే అడుగడుగునా గోరు బూటు కొసకు తగులుతుంది. గోరు కింద రక్తం గడ్డకట్టి నల్లబడుతుంది. మీకు జరిగింది ఇదే కావచ్చు. గోరు పెరిగేకొద్దీ నలుపు ముందుకు జరిగి పోతుంది. అలా జరగకుండా ఒకేచోట ఉండిపోయినా, దెబ్బ ఏదీ లేకుండానే నల్లటి గీత పెరుగుతున్నా చర్మ వైద్యులకు చూపించండి.

వాడగా వదులవుతాయన్న మాట నమ్మకండి. పైనున్న గుడ్డ కాస్త సాగుతుందేమో గానీ బూటు పొడవు పెరగదు. కొన్న రోజు సుఖంగా లేని బూటు మీది కాదు.

షాపుకు సాయంత్రం వెళ్లండి. పొద్దున్నుంచి నిలబడి, తిరిగి ఉంటాం కాబట్టి సాయంత్రానికి పాదాలు కొంచెం ఉబ్బుతాయి. ఆ సమయంలో సరిపోయిన బూటు పొద్దున కూడా సరిపోతుంది. నడకకు వేసుకునే సాక్సులే వేసుకెళ్లండి. రెండు కాళ్లకూ తొడిగి చూడండి. చాలామందికి ఒక పాదం రెండోదానికన్నా కాస్త పెద్దది. ఆ పెద్ద పాదానికే కొనాలి. కూర్చుని కాదు, లేచి నిలబడి చూడండి. ఒంటి బరువు పడితే పాదం పొడవు, వెడల్పు రెండూ పెరుగుతాయి. అన్నిటికన్నా పొడవైన వేలి ముందు మీ చేతి బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. కొందరికి కాలి రెండో వేలే పొడవు, వాళ్లు దాని నుంచి చూసుకోవాలి.

వెడల్పు తెలుసుకోవడానికి సులువైన దారి ఉంది. లోపలి ఇన్‌సోల్ ఊడివస్తే బయటికి తీసి, నేల మీద పెట్టి, దాని మీద నిలబడండి. పాదం అంచులు దాన్ని దాటి బయటికి వస్తే ఆ బూటు ఇరుకే.

ఇక బూటును చేతిలోకి తీసుకుని మూడు పరీక్షలు చేయండి. వెనక మడమ దగ్గరి గోడను వేళ్లతో నొక్కండి, అది మెత్తగా కూలిపోకూడదు. ముందు కొసను, మడమను పట్టుకుని వంచండి. వేళ్లు పాదానికి కలిసే చోట వంగాలి, నడిమధ్యలో మడత పడకూడదు. తడిబట్ట పిండినట్టు మెలితిప్పండి, సులువుగా మెలితిరిగితే పక్కన పెట్టేయండి. ఈ మూడూ నెగ్గితే తొడుక్కుని షాపులోనే అయిదు నుంచి పది నిమిషాలు నడవండి. తివాచీ మీద కాదు, గట్టి నేల మీద నడవండి. మెట్లుంటే ఎక్కి దిగండి. మడమ జారకూడదు, ఎక్కడా ఒరుసుకోకూడదు. వేలు పెడితే దిగిపోయే మెత్తని ఇన్‌సోల్‌కు మురిసిపోకండి. షాపులో దూదిలా అనిపించే నురగ కొన్ని వారాలకే అణిగిపోవచ్చు.

ప్రశ్న: ఒక కంపెనీలో 8 నంబరు సరిపోతే, ఇంకో దాంట్లో 9 కావాల్సి వస్తోంది. అసలు నా నంబరెంత?
– ఓ పాఠకుడు, నాగోల్

జవాబు: మీ పాదానికి పొడవు, వెడల్పు ఉన్నాయి గానీ నంబరు లేదు. నంబరు బూటుది. మన దగ్గర ఎక్కువగా వాడుకలో ఉన్న బ్రిటిష్ లెక్కలో నంబరుకు, నంబరుకు తేడా అంగుళంలో మూడో వంతు, అంటే దాదాపు 8.5 మిల్లీమీటర్లు. యూరప్ లెక్కలో ఆ తేడా 6.7 మిల్లీమీటర్లే. అమెరికా మగవాళ్ల లెక్క బ్రిటిష్ లెక్క కన్నా సుమారు ఒక నంబరు ఎక్కువ. దీనికి తోడు ఏ కంపెనీ అచ్చు దానిది.

అందుకని ఇంట్లోనే సెంటీమీటర్లలో కొలుచుకోండి. సాయంత్రం పూట గోడకు ఆనించి నేల మీద కాగితం పరిచి, మడమ గోడకు తగిలేలా నిలబడి, పొడవైన వేలి కొస దగ్గర గీత గీయించండి. చాలా బూట్ల నాలుక లోపలి చీటీ మీద సెంటీమీటర్ల లెక్క కూడా ఉంటుంది. తొలి అంచనాకు అది పనికొస్తుంది. తుది తీర్పు మాత్రం తొడిగి చూశాకే.

వెడల్పు దగ్గర మనవాళ్లకు ఇంకో ఇబ్బంది ఉంది. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి దాకా దేశంలో 79 చోట్ల 1,01,880 మంది పాదాలు కొలిచింది. సగటు భారతీయుడి పాదం యూరప్, అమెరికా వాళ్ల పాదం కన్నా వెడల్పని తేలింది. మనకంటూ వేరే కొలతల పద్ధతిని ‘భా’ అన్న పేరుతో ప్రతిపాదించారు. ఈలోగా జరుగుతున్నదేమిటంటే, వెడల్పు చాలక మనం పొడవు పెంచుకుని పెద్ద నంబరు కొనేస్తున్నాం. అప్పుడు మడమ జారుతుంది, బూటు వంగాల్సిన చోట కాకుండా ఇంకోచోట వంగుతుంది. కాబట్టి నంబరు పెంచే ముందు అదే నంబరులో వైడ్ రకం ఉందేమో అడగండి. పెట్టె మీద 2ఇ, 4ఇ అని ఉంటే అవి వెడల్పు రకాలని గుర్తు.

ప్రశ్న: నాకు 45 ఏళ్లు, గృహిణిని. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే మడమలో మేకు దిగినట్టుంటుంది. పది అడుగులు వేశాక తగ్గుతుంది. ఎక్స్‌రేలో ఎముక పెరిగిందన్నారు. మెత్తటి షూస్ కొంటే పోతుందా?
– ఓ పాఠకురాలు, చైతన్యపురి

జవాబు: మీరు చెప్పిన తీరు చూస్తే ఇది ప్లాంటార్ ఫేషియైటిస్‌లా ఉంది. మడమ నుంచి వేళ్ల దాకా అరికాలి కింద ఉండే గట్టి పొర దెబ్బతిన్నప్పుడు ఈ నొప్పి వస్తుంది. పెరిగిన ఎముకను చూసి భయపడకండి. ఏ నొప్పీ లేనివాళ్ల ఎక్స్‌రేల్లో కూడా అది తరచూ కనిపిస్తుంది.

బూట్ల కన్నా ముందు మీ ఇంటి నేల గురించి ఆలోచించండి. టైల్స్, మార్బుల్, గ్రానైట్ పరిచిన ఇంట్లో పొద్దున్నుంచి రాత్రి దాకా ఒట్టి కాళ్లతో తిరుగుతాం. వంటగదిలో గంటలకొద్దీ నిలబడతాం. బయట అరగంట వేసుకునే బూటు ఎంత మంచిదైనా, ఇంట్లో పది గంటలు ఒట్టి కాళ్లతో ఉంటే ఫలితం తక్కువే. ఇంట్లో తిరగడానికి విడిగా ఒక జత మెత్తటి చెప్పులు పెట్టుకోండి. మడమ కింద సెంటీమీటరుకు కాస్త పైగా ఎత్తు, అరికాలి వంపుకు ఆసరా ఉంటే మంచిది.

మంచం దిగకముందే తువ్వాలును పాదం కింద వేసి రెండు చేతులా మీ వైపు లాగి 30 సెకన్లు పట్టి ఉంచండి. ఇలా మూడుసార్లు చేయండి. సాయంత్రం నీళ్లు గడ్డకట్టిన ప్లాస్టిక్ సీసాను అరికాలి కింద పది నిమిషాలు దొర్లించండి. ఓపిక పట్టాలి. ఎక్కువ మందికి కొన్ని నెలల్లో తగ్గుతుంది, కొందరికి ఏడాది దాకా పడుతుంది. ఆరు వారాలు చేసినా మార్పు లేకపోతే, లేదా తిమ్మిర్లు, రాత్రి నొప్పి ఉంటే ఎముకల వైద్యులను కలవండి.

ప్రశ్న: మా అమ్మగారికి 12 ఏళ్లుగా షుగరు ఉంది. అరికాళ్లు దూది మీద నడిచినట్టున్నాయంటుంది. ప్రతి గురువారం దిల్‌సుఖ్‌నగర్ సాయిబాబా గుడికి వెళ్లి ప్రదక్షిణలు చేస్తుంది. ఏ చెప్పులు కొనాలి?
– ఓ పాఠకురాలు, వనస్థలిపురం

జవాబు: ఈ వారం వచ్చిన ప్రశ్నల్లో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. 2023లో వెలువడిన ఐసీఎంఆర్–ఇండియాబ్ అధ్యయనం ప్రకారం దేశంలో షుగరు ఉన్నవాళ్లు 10 కోట్ల పైచిలుకు. వాళ్లలో పాదాల స్పర్శ తగ్గినవాళ్లకు బూటు అంటే వైద్యంలో భాగం. నొప్పి తెలియకపోవడం సుఖం కాదు, ప్రమాదం. చిన్న రాయి బూటులో పడినా తెలియక రోజంతా నడిచి, సాయంత్రం రక్తం చూసి వచ్చినవాళ్లను నేను చూశాను.

ముందు అమ్మగారిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి పది గ్రాముల నైలాన్ తీగతో చేసే స్పర్శ పరీక్ష చేయించండి. అరికాలికి తీగ తాకించి తెలుస్తోందా అని అడుగుతారు. కొద్ది నిమిషాల పని, నొప్పి ఉండదు. పాదాలకు రక్తం సరిగా అందుతోందో లేదో కూడా చూపించండి. షుగరు ఉన్న ప్రతి ఒక్కరికీ ఈ పరీక్షలు ఏడాదికోసారి జరగాలి.

చెప్పుల విషయానికొస్తే, బొటనవేలి సందులో పట్టీ ఉండే రకం వద్దు. వెనక పట్టీతో పాదాన్ని పట్టి ఉంచే ఎం.సీ.ఆర్. చెప్పులు, లేదా ముందు వెడల్పుగా, లోతుగా ఉండి లోపల కుట్లు తగలని బూట్లు కొనండి. ఈ ఎం.సీ.ఆర్. అనే మెత్తటి రబ్బరు వెనక గొప్ప చరిత్ర ఉంది. తమిళనాడు కొల్లి కొండల్లో 1914లో పుట్టిన డాక్టర్ పాల్ బ్రాండ్ వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో కుష్ఠు రోగులకు చికిత్స చేశారు. వాళ్ల కాళ్ల పుండ్లకు కారణం శరీరం కుళ్లిపోవడం కాదని, స్పర్శ లేని పాదం మీద తెలియకుండా పడే ఒత్తిడి అని ఆయన గుర్తించారు. ఆ ఒత్తిడిని పంచే చెప్పులు తొడిగి పాదాలను కాపాడారు. ఈ రోజు షుగరు ఉన్నవాళ్ల పాదాలను కాపాడుతున్నదీ ఆ జ్ఞానమే.

కొత్తవి కొన్న మొదటి రోజు గంటకు మించి వేసుకోనివ్వకండి. విప్పాక ఎర్రబడిన చోటు ఉందేమో చూడండి. తొడిగే ముందు ప్రతిసారీ చెప్పును దులిపి, లోపల చేత్తో తడిమి చూడాలి. లేతరంగు కాటన్ సాక్సులు వాడితే రక్తపు చుక్క పడినా కంటికి కనిపిస్తుంది. ఆనెలను బ్లేడుతో కోయొద్దు, మందుల షాపులో దొరికే ఆనెల పట్టీలు అంటించొద్దు.

గుడి మానాల్సిన పని లేదు. ఎండెక్కాక రాయి కాలుతుంది, ఆ కాక అమ్మగారికి తెలియదు. పొద్దున్నే వెళ్లమనండి, వీలుంటే మందపాటి సాక్సులతో ప్రదక్షిణ చేయమనండి. ఇంటికి రాగానే మీరే కూర్చోబెట్టి రెండు అరికాళ్లూ చూడండి. పుండు, బొబ్బ, ఎర్రటి వాపు, వేడి ఏది కనిపించినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికా నుంచి పంపిన ఖరీదైన షూస్ అయిదేళ్లు పెట్టెలోనే దాచాను. మొన్న వేసుకుని బయల్దేరితే మెట్రో మెట్ల మీదే సోల్ పొడిపొడిగా రాలిపోయింది. నకిలీవా?
– ఓ పాఠకుడు, ఎల్బీనగర్

జవాబు: నకిలీవి కానక్కర్లేదు. కొన్ని సోళ్లు పాలీయురిథేన్ అనే పదార్థంతో చేస్తారు. గాలిలోని తేమ, వేడి కలిసి ఏళ్ల తరబడి దాన్ని విరిచేస్తాయి. వాడకుండా మూసిపెట్టినా ఆగదు. మెట్ల మీద మీరు పడకపోవడమే మేలు. బూట్లు నగలు కావు, దాచుకోకండి. అబ్బాయి పంపిన రోజే తొడిగి చూసి, సరిపోతే మర్నాటి నుంచే నడవండి.

వాడేవాళ్లకూ ఒక లెక్క ఉంది. సుమారు 500 నుంచి 800 కిలోమీటర్లు నడిచాక లోపలి మెత్తదనం అణిగిపోతుంది. రోజుకు 4 కిలోమీటర్లు నడిస్తే నాలుగు నుంచి ఆరేడు నెలల్లో అంత దూరం అవుతుంది. పైకి కొత్తగా కనిపించినా సోల్ ఒక పక్కకు అరిగిందేమో, బల్ల మీద పెడితే ఒరుగుతోందేమో చూసుకుని మార్చండి.

ప్రశ్న: చీరల షాపులో పని చేస్తాను. పది గంటలు నిలబడే ఉంటాను. సాయంత్రానికి కాళ్లు ఉబ్బి, పిక్కలు లాగేస్తాయి. ఎలాంటి చెప్పులు వేసుకోవాలి?
– ఓ పాఠకురాలు, గడ్డిఅన్నారం

జవాబు: అమ్మా, ఒట్టి కాళ్లతో గానీ, పలుచటి చదును చెప్పులతో గానీ నిలబడకండి. సోల్ రెండు మూడు సెంటీమీటర్ల మందంతో, వెనక పట్టీతో, వెడల్పుగా ఉన్నవి తీసుకోండి. ఎత్తు మడమలు వద్దు. రెండు జతలుంటే రోజు మార్చి రోజు వేసుకోండి. అరగంటకోసారి మునివేళ్ల మీద ఇరవైసార్లు లేచి దిగండి, పిక్కల్లో నిలిచిన రక్తం పైకి వెళుతుంది. రాత్రి కాళ్లు దిండు మీద ఎత్తుగా పెట్టుకోండి. ఒక్క కాలే ఉబ్బి నొప్పి పెడితే మాత్రం వెంటనే డాక్టరును కలవండి.

నిజానికి మీకు కావాల్సింది చెప్పులతో పాటు ఒక కుర్చీ. దుకాణాల్లో పనిచేసేవాళ్లకు కూర్చునే వీలు కల్పించాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టం చేశాయి. మన షాపుల యజమానులు ఏ చట్టం కోసమూ ఎదురుచూడకుండా ఆ పని చేయవచ్చు. గిరాకీ లేనప్పుడు పది నిమిషాలు కూర్చుంటే వ్యాపారానికి వచ్చే నష్టం ఏమీ లేదు.

ప్రశ్న: దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉండి కానిస్టేబుల్ పరీక్షకు తయారవుతున్నాను. రోజూ పరుగెత్తుతుంటే మోకాలి కింద ముందు ఎముక నొప్పి. ఫుట్‌పాత్ మీద కొన్న వాడేసిన షూస్ వేసుకుంటున్నాను.
– ఓ పాఠకుడు

జవాబు: 2022 నియామకాల్లో పురుషులకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పరుగెత్తాలని పెట్టారు. ఆ గడియారం చూసుకుని ఒక్కసారిగా దూరం పెంచేయడమే ఈ నొప్పికి ముఖ్య కారణం. రెండు వారాలు పరుగు ఆపి సైకిల్ తొక్కండి, ఈత కొట్టండి. తర్వాత మట్టి నేల మీద మొదలుపెట్టి వారానికి కొద్దికొద్దిగా పెంచండి. ఎముక మీద ఒకేచోట వేలు పెడితే ప్రాణం పోయినట్టుంటే, ఎముకలో సన్నటి చీలిక ఉండొచ్చు. మొదట్లో ఎక్స్‌రేలో అది కనిపించకపోవచ్చు కాబట్టి వైద్యుడు చెప్పేదాకా పరుగెత్తకండి.

వాడేసిన బూటు ఇంకొకరి నడకకు అరిగి ఉంటుంది, ఆ వంకర ఇప్పుడు మీ కాలికి వస్తుంది. పాదాల ఫంగస్ కూడా అంటుకోవచ్చు. పేరున్న కంపెనీ అవసరం లేదు. పైన చెప్పిన మూడు పరీక్షలు నెగ్గిన మామూలు ధర కొత్త రన్నింగ్ షూస్ చాలు. పరీక్ష రోజున కొత్తవి తొడగొద్దు, కనీసం రెండు మూడు వారాల ముందే కొని అలవాటు చేసుకోండి.

పాఠకులకు చివరగా ఒక మాట. పండక్కి బట్టలు కొనడానికి ఒక పూటంతా తిరుగుతాం. మనల్ని జీవితాంతం మోసే పాదాల కోసం ఒక సాయంత్రం కేటాయించండి. మొహమాటపడకుండా నాలుగు జతలు తీయించి, తొడిగి, నడిచి చూడండి. ఇంట్లో షుగరు ఉన్న పెద్దవాళ్లుంటే ఈ రాత్రే వాళ్ల అరికాళ్లు ఒకసారి చూడండి.