కొండ నుండి కడలి దాకా

వానాకాలం వచ్చిందంటే హగరి నీళ్ళు ఎర్రబడతాయి. హగరి అంటే వేదవతి నది. అది చిక్కమగళూరు కొండలలో పుట్టి, చిత్రదుర్గ జిల్లా మీదుగా వచ్చి, బళ్ళారి జిల్లాలో పారి తుంగభద్రలో కలుస్తుంది. నీటిలో కనిపించే ఆ ఎరుపు ఎగువ పొలాలనుండి, చెట్లు లేని గుట్టలనుండి కొట్టుకొని వచ్చిన మట్టిది. హగరిని తనలో కలుపుకొన్న తుంగభద్ర కర్నూలు దాటి, అలంపురం ప్రాంతంలో కృష్ణానదిలో కలుస్తుంది. కృష్ణ శ్రీశైలం, నాగార్జునసాగరం, విజయవాడ దాటి దివిసీమలోని హంసలదీవి దగ్గర బంగాళాఖాతాన్ని చేరుతుంది. బళ్ళారి పొలంలో పడిన వానచుక్క దారిలో ఎక్కడా ఆగకపోతే, దాని ప్రయాణం ముగిసేది అక్కడే.

నది సముద్రంలో కలిసే చోటును నదీముఖం అంటారు. అక్కడ నదిలోని మంచినీరు, సముద్రపు ఉప్పునీరు కలుస్తాయి. పోటు సమయంలో సముద్రపు నీరు పాయలలోకి ఎక్కివస్తుంది. ఆటు సమయంలో వెనుకకు పోతుంది. ఇలా సుమారుగా రోజుకు రెండుసార్లు జరుగుతుంది. ఈ బురద నేలలో మడ చెట్లు పెరుగుతాయి. నల్లమడ, తెల్లమడ, తిల్ల మొదలైనవి వీటిలో కొన్ని రకాలు. వీటి వేళ్ళ సందులలో చేపపిల్లలు, రొయ్యపిల్లలు, పీతలు పెరుగుతాయి. అందువలన పాయలలో వల వేసే బెస్తవారికి, యానాదులకు మడ అడవియే జీవనాధారం.

మడ అడవి మరొక మేలు కూడా చేస్తుంది. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను పెనుతుఫాను ముంచెత్తింది. ఉప్పెన ఊళ్ళమీద పడింది. వేలాదిమంది ప్రాణాలు కోల్పోయారు. పశువులు, ఇళ్ళు, పంటలు కొట్టుకొనిపోయాయి. ఉప్పెనను పూర్తిగా ఆపగల శక్తి ఏ చెట్టుకూ లేదు. అయితే దట్టమైన మడ అడవి అలల వేగాన్ని తగ్గిస్తుంది. దాని వెనుక ఉన్న ఊరికి ఆ తగ్గింపే ప్రాణరక్షణ కావచ్చును.

ఇంత మేలు చేసే అడవి క్రమంగా పలుచబడింది. పూర్వం కట్టెల కొరకు అడవిని భాగాలుగా విభజించి ఒక్కొక్క భాగాన్ని మొదలంటా నరికించేవారు. నీడ లేని నేల ఎండకు ఆరి, క్రుంగి, పళ్ళెంవలె గుంటపడింది. పోటునీరు ఆ గుంటలోకి వచ్చి తిరిగి పోలేక నిలిచిపోయేది. ఎండకు నీరు ఆవిరై ఉప్పు మిగిలేది. ఏటేటా ఉప్పు పెరగడంతో అక్కడ విత్తనం మొలకెత్తలేదు. దీనికి తోడు వంటచెరకు కొరకు నరకడం, పశువులను మేపడం, రొయ్యల చెరువులు త్రవ్వడం వంటివి మిగిలిన అడవిని దెబ్బతీశాయి.

కృష్ణా నదీముఖంలోని మడ అడవిని 1989లో వన్యప్రాణుల అభయారణ్యంగా ప్రకటించారు. అయితే హద్దురాళ్ళు పాతినంతమాత్రాన అడవి పెరగదు. పొయ్యిలోకి కట్టెలు కావలసిన ఇల్లాలు ఎక్కడికి పోవాలి? గేదెలను ఎక్కడ మేపాలి? వీటికి జవాబు దొరకనంతకాలం కాపలావాడు ఒకవైపు ఉంటే గొడ్డలి మరొకవైపునుండి వస్తుంది. చాలాకాలం అడవిని కాపాడడమంటే జనాన్ని దూరంగా ఉంచడమే అనుకొనేవారు. 1990ల నాటికి ఈ ఆలోచనలో మార్పు వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 1992లో వన సంరక్షణ సమితుల పద్ధతి మొదలయింది. ఇంటికి ఒక పురుషుడు, ఒక స్త్రీ చొప్పున సమితిలో సభ్యులుగా చేరవచ్చును. ఆ తరువాత కొద్ది సంవత్సరాలకు మద్రాసులోని ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీశాఖ కలిసి గోదావరి, కృష్ణా నదీముఖాలలోని కొన్ని గ్రామాలలో మడ అడవుల పునరుద్ధరణకు పూనుకొన్నాయి.

ఈ పద్ధతిలో ప్రణాళిక ఊరి మధ్యనే తయారవుతుంది. గ్రామస్థులు నేలమీద ముగ్గుపిండితో, రంగుపొడులతో తమ ఊరి పటం గీస్తారు. పాయలు ఎక్కడ ఉన్నాయి, అడవి ఎక్కడ దట్టంగా ఉంది, ఎక్కడ బోడినేల ఉంది, తాగునీరు ఎక్కడ దొరుకుతుంది అన్నవి అందులో గుర్తిస్తారు. ఏ నెలలో చేపలు పడతాయి, ఏ నెలలో పని దొరకదు అన్నది మరొక పట్టికలో చూపుతారు. పురుషులు పడవలు, వలలు, పాయలు మొదట చెప్తే, స్త్రీలు కట్టెలు, మంచినీళ్ళు మొదట చెప్తారు. అందుకే స్త్రీల మాటను వేరుగా కూడా వింటారు. పటం నేలమీద ఉన్నందువలన చదువురానివారు కూడా వంగి, తప్పును చేతితో చెరిపి, సరిదిద్దగలరు.

చచ్చిన నేలను బ్రతికించడానికి ఎంచుకొన్న ఉపాయం చాలా సులభమైనది. పాయనుండి బోడినేలలోకి ఒక పెద్ద కాలువ త్రవ్వుతారు. దానికి ఇరువైపుల ఏటవాలుగా పిల్లకాలువలు త్రవ్వుతారు. పైనుండి చూస్తే ఇది చేపముల్లువలె కనిపిస్తుంది. పోటునీరు కాలువల గుండా వచ్చి, ఆటుతో తిరిగి పోతూ నేలలోని ఉప్పును కడిగివేస్తుంది. కాలువల అంచున మడ విత్తనాలు, మొలకలు నాటుతారు. కాలువ ఏ లోతున ఉండాలో లెక్కకట్టేది శాస్త్రజ్ఞులు. పోటు ఏ పాయలో ఎంత దూరం ఎక్కుతుందో చెప్పేది అక్కడ పుట్టి పెరిగిన జాలరులు. పూడిపోయిన కాలువను మరల త్రవ్వవలసినది కూడా ఊరివారే. తమ చేత్తో గీసిన పటంలోని కాలువ కనుక అది వారికి పరాయిది కాదు.

అయితే ఒక పని నదీముఖంలోని ఊళ్ళ చేతిలో లేదు. మడ చెట్టుకు ఉప్పునీటితోపాటు మంచినీరు, నది మోసుకువచ్చే ఒండ్రుమట్టి కావాలి. ఈ రెండూ ఎగువనుండి రావలసినవే. 2001 నుండి 2004 వరకు వర్షాభావ సంవత్సరాలలో కృష్ణనుండి సముద్రానికి చేరిన నీరు చాలా స్వల్పం. మట్టి సంగతి కూడా అంతే. తుంగభద్ర జలాశయంలో 1953లో నీరు నిలపడం ప్రారంభించినపుడు దాని సామర్థ్యం సుమారు 133 టి.ఎం.సి.లు. పూడిక చేరి ఇప్పుడది సుమారు 105 టి.ఎం.సి.లకు తగ్గింది. అంటే అయిదింట ఒక వంతు చోటును మట్టి ఆక్రమించింది. ఎగువ రైతు పొలం సారాన్ని కోల్పోతాడు. ఆ మట్టి జలాశయాన్ని పూడ్చి బళ్ళారి, రాయచూరు, కర్నూలు, అనంతపురం రైతుల నీటిని తగ్గిస్తుంది. జలాశయాలలో ఆగిపోయినందువలన సముద్రతీరానికి ఒండ్రు చేరక అక్కడ నేల కోతకు గురవుతుంది. ఒకే మట్టివలన మూడుచోట్ల నష్టం కలుగుతున్నది.

కనుక నదీముఖ రక్షణ కొండవాలులోనే మొదలుకావాలి. 1994లో తెలుగువాడైన ఆర్థికశాస్త్రవేత్త సి.హెచ్. హనుమంతరావు అధ్యక్షతన ఏర్పడిన సంఘం వాటర్‌షెడ్ పనులకు కొత్త దారి చూపింది. దాని సూచనలను అనుసరించి సుమారు 500 హెక్టార్ల పరీవాహక ప్రాంతాన్ని ఒక యూనిట్‌గా తీసుకొని, అక్కడి ప్రజల సంఘమే ప్రణాళిక తయారుచేసి అమలుపరచాలన్న నియమం 1995 ఏప్రిల్ 1 నుండి వచ్చింది. కర్ణాటకలో 2001 నుండి 2009 వరకు సుజల పథకం నడిచింది. వేదవతి పారే చిత్రదుర్గ, వరదానది పారే హావేరి ఆ పథకంలోని జిల్లాలే. అందులో రైతులతో కలిసి పొలం పొలం తిరిగి, ఎక్కడ గట్టు వేయాలి, ఎక్కడ కుంట త్రవ్వాలి, ఎక్కడ చెట్లు నాటాలి అని నిర్ణయించారు.

ఇలాంటి ప్రణాళికలో అసలు కష్టం లెక్కలలో లేదు. వాలు మీద మేకలు మేపకూడదని తీర్మానిస్తే పొలం ఉన్న రైతుకు లాభమే. పొలం లేక మేకలమీద బ్రతికేవారి గతి ఏమిటి? ఎగువ రైతు నీళ్ళన్నీ ఆపుకొంటే దిగువ చెరువు నిండేదెట్లా? నష్టపోయేవారిని సభకు పిలువకుండా చేసిన తీర్మానం కాగితం మీదనే ఉంటుంది. గడ్డి కోసుకొనే హక్కు, పొదుపు సంఘం ద్వారా అప్పు, కూలి పనులలో మొదటి అవకాశం వంటివి వారికి దొరికినప్పుడే వాలుమీద మొక్క చెట్టవుతుంది.

కొండవాలులోని సంఘానికి దివిసీమ తెలియదు. పాయలోని జాలరికి హగరి తెలియదు. ఇద్దరి మధ్య వందల మైళ్ళ దూరం, అనేక ఆనకట్టలు, మూడు రాష్ట్రాల నేల ఉన్నాయి. అయినా ఇద్దరూ ఒకే నది మీద ఆధారపడినవారు. బళ్ళారి ప్రాంతపు రైతు పొలంలో వేసిన గట్టు ముందుగా అతని మట్టినే కాపాడుతుంది. తరువాత చెరువును, ఆ తరువాత జలాశయాన్ని కాపాడుతుంది. పొదుపుగా వాడి నదిలో మిగిల్చిన నీరు దివిసీమ పాయలకు చేరుతుంది. అక్కడ ఒక మడ మొక్క క్రొత్త చిగురు వేస్తుంది.

కొత్త పదాలు - అర్థాలు

నదీముఖం = నది సముద్రంలో కలిసే చోటు
ఒండ్రుమట్టి = నది తెచ్చి వేసే సారవంతమైన మట్టి
ఉప్పెన = తుఫానులో నేలమీదికి పొంగివచ్చే సముద్రపు నీరు
పూడిక = అడుగున పేరుకొనిన మట్టి
పరీవాహక ప్రాంతం = వాననీరు ఒక వాగుకు లేక నదికి చేరే నేల
వంటచెరకు = వంటకు వాడే కట్టెలు

ప్రశ్నలు

1. హగరి నీళ్ళు వానాకాలంలో ఎందుకు ఎర్రబడతాయి?
2. మడ అడవి నరికిన నేలలో మరల మొక్కలు మొలవకపోవడానికి కారణమేమి?
3. ఊరి పటాన్ని నేలమీద గీయడంవలన కలిగే మేలు ఏమి?
4. "ఒకే మట్టివలన మూడుచోట్ల నష్టం" - వివరించండి.
5. మేకలు మేపేవారిని సభకు పిలువకపోతే ఏమి జరుగుతుంది? మీ అభిప్రాయం వ్రాయండి.

చేయవలసిన పని

మీ ఊరి పెద్దలను అడిగి, ఊరిలోని చెరువు, వాగు, బావులు, గుట్టలు, మేత భూములు చూపే పటాన్ని ముగ్గుతో నేలమీద గీయండి. మీ ఊరి వాననీరు ఏ వాగు ద్వారా ఏ నదికి చేరుతుందో గుర్తించండి.