పాత కంప్యూటర్ చేతులు మారేముందు: హార్డ్ డిస్క్ విషయంలో చేయవలసినవి, చేయకూడనివి

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పాత మెషీన్లలో చాలావాటికి విండోస్ 11 ఎక్కదు. దాంతో ఆడిటర్ల ఆఫీసుల్లో, క్లినిక్కుల్లో, ప్రైవేటు స్కూళ్లలో, ఆన్‌లైన్ దరఖాస్తులు నింపిపెట్టే జిరాక్స్ షాపుల్లో పాత సీపీయూలు మూలన పడుతున్నాయి. కొన్ని ఎక్స్ఛేంజ్‌లో పోతాయి, కొన్ని సెకండ్ హ్యాండ్ షాపుకి, మిగిలినవి పాతసామాను బండికి. లోపలి హార్డ్ డిస్క్ కూడా వాటితోపాటే పోతుంది.

అందులో ఉన్నవి యజమాని సొంత ఫొటోలే అయితే నష్టం ఆయన ఒక్కడిదే. కానీ ఏ జిరాక్స్ షాపు కంప్యూటర్లోనైనా డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిచి చూడండి. వాట్సాప్‌లో వచ్చిన ఆధార్ కార్డులు, పాన్ కార్డులు, బ్యాంకు పాసుపుస్తకం మొదటి పేజీలు, కుల ధ్రువీకరణ పత్రాలు, పదో తరగతి మార్కుల మెమోలు వరసగా కనిపిస్తాయి. ఐదు రూపాయలకి ప్రింటు తీయించుకుని వెళ్లిపోయిన మనిషికి తన ఆధార్ ఇంకా అక్కడే ఉందన్న సంగతే తెలియదు. తెలియని మనిషి జాగ్రత్తపడలేడు. ఆ జాగ్రత్త మెషీన్ యజమానే పడాలి. ముఖ్యంగా అలాంటి యజమానుల కోసమే ఇది రాస్తున్నాను.

డిలీట్ చేశాం, రీసైకిల్ బిన్ ఖాళీ చేశాం అని వదిలేయకండి. ఫైల్ డిలీట్ చేసినప్పుడు విండోస్ తన పట్టికలో ఆ ఫైల్ పేరు కొట్టేసి, ఆ చోటు ఖాళీ అని రాసుకుంటుంది, అంతే. అడంగల్లో పేరు కొట్టేసినంత మాత్రాన పొలం ఎక్కడికీ పోదు కదా, డేటా కూడా అంతే. క్విక్ ఫార్మాట్ చేసేదీ ఇదే పని. రెక్యువా, ఫొటోరెక్ లాంటి ఉచిత ప్రోగ్రాములతో కాలేజీ కుర్రాడు కూడా వాటిని బయటికి తీయగలడు.

అమెరికాలో ఎంఐటీ విద్యార్థులు సిమ్సన్ గార్ఫింకెల్, అభి షెలత్ 158 పాత డిస్కులు కొని పరిశీలించి, 2003లో ఫలితాలు ప్రకటించారు. చదవగలిగిన 129 డిస్కుల్లో పూర్తిగా చెరిపినవి 12 మాత్రమే. మిగతావాటిలో 5,000కి పైగా క్రెడిట్ కార్డు నంబర్లు దొరికాయి. చాలావాటిని అమ్మినవాళ్లు ఫార్మాట్ చేసే అమ్మారు.

"మేం చెరిపేస్తాంలెండి సార్" అన్న మాట నమ్మి డిస్క్ ఇచ్చేయకండి. మోర్గన్ స్టాన్లీ అంతటి సంస్థ, డేటా చెరపడంలో ఏ అనుభవమూ లేని సామాన్ల రవాణా కంపెనీకి పాత సర్వర్లు, డిస్కులు అప్పగించింది. వాటిలో కొన్ని డేటాతో సహా ఆన్‌లైన్ వేలంలో అమ్ముడుపోయాయి. దాదాపు కోటీ యాభై లక్షల మంది ఖాతాదారుల వివరాలను కాపాడలేకపోయిందని అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ 2022లో మూడున్నర కోట్ల డాలర్ల జరిమానా వేసింది. మన దగ్గర కూడా 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం నిబంధనలు దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి. తగిన భద్రతా చర్యలు తీసుకోకపోతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేయవచ్చని అందులో ఉంది.

కాల్చడం, నీళ్లలో వేయడం, అయస్కాంతం రుద్దడం లాంటివి చేయకండి. కల్పనా చావ్లాను బలిగొన్న కొలంబియా వ్యోమనౌక ప్రమాదం 2003 ఫిబ్రవరి 1న జరిగింది. ఆ శకలాల్లో 340 మెగాబైట్ల హార్డ్ డిస్క్ ఒకటి నెలల తర్వాత ఎండిపోయిన చెరువు అడుగున దొరికింది. పైన సర్క్యూట్ బోర్డు కాలిపోయింది. అయినా నిపుణులు అందులోని డేటాలో 99 శాతం బయటికి తీశారు. ఆకాశం నుంచి మండుతూ రాలిన డిస్క్ పరిస్థితే అది! పెరట్లో చెత్తతో కలిపి తగలబెట్టడం వల్ల విషపు పొగ పీల్చడమే మిగులుతుంది. ఇంట్లో ఉండే అయస్కాంతాలకి ఈ పని చేసే బలం లేదు. చిప్పుల్లో డేటా దాచే ఎస్‌ఎస్‌డీ మీదైతే ఎంత పెద్ద అయస్కాంతమూ పనిచేయదు, అందులో అయస్కాంత పూతే లేదు. మైక్రోవేవ్‌లో పెట్టమని చెప్పే వీడియోలు చూసి ఆ పని అస్సలు చేయకండి, మంటలు లేస్తాయి.

ఇక చేయవలసినవి. ముందు కావలసినవి కాపీ చేసుకోండి. టాలీ డేటా ఫోల్డర్, ఈమెయిల్ ఫైళ్లు, డి డ్రైవ్‌లో మరిచిపోయిన ఫొటోలు అన్నీ వేరే డిస్క్‌లోకి ఎక్కించి, అక్కడ తెరిచి చూసుకోండి. కంపెనీలైతే 8 ఆర్థిక సంవత్సరాల లెక్కల పుస్తకాలు భద్రపరచాలని కంపెనీల చట్టం చెబుతోంది. తొందరపడి అవి కూడా తుడిచేయకూడదు.

తర్వాత కంప్యూటర్ విప్పి, లోపల ఉన్నది ఏ రకం డిస్కో చూడండి. ఈ ఒక్క సంగతి తెలియకుండా ఏ పద్ధతీ మొదలుపెట్టవద్దు. బరువుగా, లోహపు పెట్టెలా, మూడున్నర అంగుళాలదో రెండున్నర అంగుళాలదో ఉంటే, లేబుల్ మీద ఆర్‌పీఎం అని కనిపిస్తే అది తిరిగే పళ్లేల హార్డ్ డిస్క్. తేలిగ్గా ఉన్నా, 22 మిల్లీమీటర్ల వెడల్పున్న చిన్న బోర్డులా ఉన్నా అది ఎస్‌ఎస్‌డీ. కొన్ని మెషీన్లలో రెండూ ఉంటాయి. ఒకటి తుడిచి రెండోది మరిచిపోవడం మామూలుగా జరిగే పొరపాటు.

తిరిగే డిస్క్‌ని చెరపడానికి డబ్బు పెట్టి ఏ సాఫ్ట్‌వేరూ కొనక్కర్లేదు. సికింద్రాబాద్ సీటీసీ లాంటి చోట్ల సాటా నుంచి యూఎస్‌బీకి మార్చే అడాప్టర్ దొరుకుతుంది. మూడున్నర అంగుళాల డిస్క్ అయితే 12 వోల్టుల పవర్ అడాప్టర్ కూడా ఇచ్చేదే తీసుకోండి, యూఎస్‌బీ కరెంటు దానికి చాలదు. డిస్క్‌ని మరో కంప్యూటర్‌కి తగిలించండి. అంతకుముందే పెన్‌డ్రైవ్‌లు, బ్యాకప్ డిస్కులు అన్నీ పీకేయండి. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి డిస్క్‌పార్ట్ అని కొట్టి, తర్వాత లిస్ట్ డిస్క్ అని కొట్టండి. తెర మీద డిస్కులు నంబర్లతో, సైజులతో కనిపిస్తాయి. మీది 500 జీబీ డిస్క్ అయితే అక్కడ 465 అని, ఒక టీబీ అయితే 931 అని చూపిస్తుంది. కంగారు పడకండి, అది లెక్కించే పద్ధతిలో తేడా. సెలెక్ట్ డిస్క్ అని కొట్టి పక్కన ఆ నంబరు ఇవ్వండి. ఆపైన డీటెయిల్ డిస్క్ అని కొడితే మోడల్ పేరు వస్తుంది. దాన్ని చేతిలోని డిస్క్ లేబుల్‌తో పోల్చుకోండి. ఇక్కడ ఆగి ఇంకోసారి చూసుకోమని గట్టిగా చెబుతున్నాను. ఎందుకంటే తర్వాతి కమాండ్ "ఖాయమేనా" అని అడగదు. నంబరు తప్పితే బ్యాకప్ పెట్టుకున్న డిస్కే తుడిచిపెట్టుకుపోతుంది.

ఆ కమాండ్ క్లీన్ ఆల్. ఒట్టి క్లీన్ అని కొడితే విభజన వివరాలు మాత్రమే పోతాయి. పక్కన ఆల్ ఉంటేనే డిస్క్ మొదలు నుంచి చివరి దాకా సున్నాలు రాస్తుంది. ఎంత శాతం అయిందో చూపించదు, కర్సర్ ఆడుతూ ఉంటుంది. ఒక టీబీ డిస్క్‌కి మంచి యూఎస్‌బీ 3 పోర్టులో కొన్ని గంటలు, పాత పోర్టులో అయితే రాత్రంతా పడుతుంది. ఆగిపోయిందనుకుని మధ్యలో పీకేయకండి. పనయ్యాక ఫొటోరెక్‌తో ఆ డిస్క్‌ని వెతికించండి. ఒక్క ఫైలూ దొరకకపోతే పని పూర్తయినట్టు.

ఏడుసార్లు, 35 సార్లు రాయాలని కొందరు భయపెడతారు. 35 అన్న అంకె పీటర్ గట్‌మన్ 1996లో రాసిన పరిశోధన పత్రం నుంచి వచ్చింది. అది ఆ కాలపు డిస్కుల కోసం. నేటి డిస్కులకి అన్నిసార్లు అర్థం లేదని తర్వాత ఆయనే చెప్పారు. డిస్క్ ఆరోగ్యంగా ఉంటే ఒక్కసారి పూర్తిగా రాస్తే చాలు. బ్యాడ్ సెక్టార్లు పడిన డిస్క్ సంగతి వేరు. అది పక్కన పెట్టేసిన సెక్టార్లలోకి ఈ రాత వెళ్లదు, పాత ముక్కలు అక్కడే ఉండిపోతాయి. అలాంటిదాన్ని పగలగొట్టడమే మేలు.

ఎస్‌ఎస్‌డీకి సున్నాలు రాసి సరిపెట్టకండి. అరుగుదల సమానంగా ఉండాలని దాని కంట్రోలర్ ప్రతి రాతనీ వేరే చోటికి మళ్లిస్తుంది. విండోస్‌కి కనిపించని అదనపు చోటు కూడా లోపల ఉంటుంది. శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు సున్నాలు రాసినా పాత డేటా మిగిలిపోవచ్చని 2011లోనే నిరూపించారు. శామ్‌సంగ్, క్రూషియల్, వెస్టర్న్ డిజిటల్ లాంటి తయారీదారులు ఉచితంగా ఇచ్చే ప్రోగ్రాముల్లో సెక్యూర్ ఎరేజ్ లేదా శానిటైజ్ అని ఉంటుంది, అది వాడండి. కొన్ని ఆఫీసు ల్యాప్‌టాప్‌ల బయోస్‌లోనే ఆ సదుపాయం ఉంటుంది. కొత్త మెషీన్ కొన్న రోజునే బిట్‌లాకర్ ఆన్ చేసి, రికవరీ కీ కాగితం మీద భద్రంగా ఉంచుకుంటే రేపు అందులోని ఎస్‌ఎస్‌డీ కంట్రోలర్ కాలి చచ్చిపోయినా డేటా తాళంలోనే ఉంటుంది.

పనిచేసే డిస్క్‌ని పగలగొట్టడం నాకు నచ్చదు. శుభ్రంగా చెరిపితే ఏ ప్రభుత్వ బడికో ఇంకొన్నేళ్లు పనికొస్తుంది. చచ్చిపోయిన డిస్క్‌కి మాత్రం తప్పదు. నక్షత్రం గాటున్న స్క్రూలకి టీ8 స్క్రూడ్రైవర్ కావాలి. పైమూత తీసి పళ్లేలను పూర్తిగా పాడుచేయాలి, ఒక మేకు దింపి ఊరుకుంటే మిగతా భాగమంతా చదవదగ్గట్టే ఉంటుంది. ల్యాప్‌టాప్ డిస్కుల పళ్లేలు ఎక్కువగా గాజువి. దెబ్బ పడగానే సన్నటి పెంకులు ఎగురుతాయి కాబట్టి గోనెసంచిలో చుట్టి, కళ్లజోడు, చేతి తొడుగులు వేసుకుని, పిల్లలను దూరంగా పంపి కొట్టండి. ఎస్‌ఎస్‌డీలో అయితే బోర్డు మీది ప్రతి నల్ల చిప్పూ పగలాలి. మిగిలిన తుక్కు మునిసిపాలిటీ చెత్తలో వేయకుండా, 2022 ఈ-వ్యర్థాల నిబంధనల కింద నమోదైన రీసైక్లర్‌కే ఇవ్వండి. పదుల సంఖ్యలో డిస్కులున్న ఆఫీసులైతే సీరియల్ నంబర్లు ముందే రాసుకుని, వాళ్లిచ్చే సర్టిఫికెట్లో అవే నంబర్లు ఉన్నాయో లేదో ఒక్కొక్కటీ సరిచూడండి.

కంప్యూటర్‌తో పని అయిపోదు. అద్దెకి తెచ్చిన పెద్ద జిరాక్స్ మెషీన్లలో చాలావాటికి హార్డ్ డిస్క్ ఉంటుంది, కాపీ తీసిన కాగితాల బొమ్మలు అందులో చేరతాయి. న్యూయార్క్‌లో ఒక ఆరోగ్య బీమా సంస్థ అలాంటి మెషీన్లను చెరపకుండా తిరిగి ఇచ్చేసి, 2013లో 12 లక్షల డాలర్లకు పైగా కట్టుకుంది. మెషీన్ వాపసు ఇచ్చేముందు సర్వీస్ ఇంజనీర్‌ని పిలిచి, మెనూలోని డేటా చెరిపే అంశాన్ని మీ ఎదుటే నడిపించమనండి. సీసీటీవీ డీవీఆర్ లోపల కూడా డెస్క్‌టాప్‌లో ఉండే మూడున్నర అంగుళాల డిస్కే ఉంటుంది. దాని మెనూలో ఫార్మాట్ నొక్కి ఊరుకోకుండా, డిస్క్ బయటికి తీసి పైన చెప్పిన పద్ధతిలోనే చెరిపి ఇవ్వండి.