నడవగలిగే చోట ఇల్లు

షుగరు, బి.పి. ఉన్నవారు రోజుకు అరగంట చొప్పున వారానికి ఐదు రోజులైనా నడవాలని డాక్టరుగారు చెబుతారు. ఇంటికి వెళ్ళిన నెలకే ఆ నడక ఆగిపోతుంది. తప్పంతా రోగిదే అనుకోకండి. ఊరి చివరి కాలనీలో పాల ప్యాకెట్టుకు కూడా స్కూటరు తీయవలసి వస్తే పెద్దవారు ఎక్కడికని నడుస్తారు?

బ్రెజిల్‌లోని కురిటీబా నగరం 1974లో బస్సులకు ప్రత్యేక దారులు వేసింది. ఎత్తైన మేడలకు ఆ దారుల వెంటే అనుమతి ఇచ్చింది. అందుచేత ఎంతోమందికి బస్సు నడక దూరంలోకి వచ్చింది. స్టాపుకు వెళ్ళి రావడమే వారికి వ్యాయామం. మన హైదరాబాదులో 2017లో మెట్రో రైలు వచ్చింది గాని, స్టేషను పక్కనే ఇల్లున్నా ఫుట్‌పాత్ మీద మోటారు సైకిళ్ళు నిలిపితే మోకాళ్ళ నొప్పులవారు నడిచేదెలా?

అద్దె తక్కువని దూరం వెళ్ళేముందు ఆలోచించండి. డయాలసిస్‌కు వారానికి రెండు మూడుసార్లు రావలసినవారు ఆటో ఖర్చును కూడా అద్దెలో కలిపి లెక్క చూడాలి. ఆటోకు డబ్బు లేక ఒక్కసారి మానినా ఒంట్లో నీరు చేరి ఆయాసం రావచ్చు. ఇల్లు ఖాయం చేసేముందు రోగి నడిచేంత నెమ్మదిగా బస్సు స్టాపు దాకా నడవండి. దారిలో నీడ, కూర్చోవడానికి అరుగు, వీధిదీపం ఉన్నాయేమో చూడండి.