వాననీరు - కిటికీ

ఇంటికి కిటికీ కన్ను వంటిది. వెలుతురును, గాలిని లోనికి రానిచ్చుట దాని పని. కాని సముద్రతీరమున నివసించువారి కిటికీలకు మఱియొక పని కూడ కలదు. గాలిని రానిచ్చుచునే అవి వానను వెలుపల నిలుపవలెను. ఈ రెండవ పని చెడినప్పుడు మొదట గోడ తడియును. పిదప కొయ్య చివుకును. తుదకు ఇంటిలోనివారికే ముప్పు వాటిల్లును.

ఇచ్ఛాపురము మొదలు తడ వఱకు గల ఆంధ్రతీరమునకు ఏటేట రెండు ఋతుపవనములు వానలను తెచ్చును. జూన్ నుండి సెప్టెంబరు వఱకు నైరృతి ఋతుపవనము, అక్టోబరు నుండి డిసెంబరు వఱకు ఈశాన్య ఋతుపవనము వీచును. అక్టోబరు, నవంబరు మాసములలో బంగాళాఖాతమున తుఫానులు పుట్టుట కలదు. గాలి లేనప్పుడు వాన నిట్టనిలువుగా పడును. గాలి తోడైనప్పుడు అది ఏటవాలుగా వచ్చి గోడలను, కిటికీలను కొట్టును.

పూర్వపు పెంకుటిండ్లలో చూరు గోడను దాటి చాల దూరము ముందునకు వచ్చెడిది. దాని క్రింద పంచ యుండెడిది. అందుచే వానజల్లు చాలవఱకు కిటికీని చేరకముందే ఆగిపోయెడిది. డాబా యిండ్లలో ఆ చూరు లేదు. కిటికీమీద నుండు సన్‌షేడు ఒక్కటే దానికి గొడుగు. ఆ గొడుగు చిన్నదైనను, చీలినదైనను కిటికీకి రక్షణ తగ్గును.

నీరు ఇంటిలోనికి వచ్చుటకు మూడు కావలెను: నీరు, సందు, ఆ నీటిని సందులోనికి నడపు బలము. ఈ బలములలో మొదటిది నీటి బరువే. రెండవది గాలి యొత్తిడి. గాలివేగము రెట్టింపైనచో దాని యొత్తిడి నాలుగు రెట్లగును. గంటకు 36 కిలోమీటర్ల వేగముగల గాలి నీటిని 6 మిల్లీమీటర్ల యెత్తునకు నెట్టగలదు. కిటికీ యడుగుచెక్కపై నిలిచిన నీరు గట్టెక్కి లోనికి దొర్లుటకు అది చాలును. మూడవది కేశాకర్షణము. దీపపు వత్తి నూనెను పీల్చునట్లు, వెండ్రుకవాసి సందు నీటిని తనంతట తానే లోనికి లాగుకొనును.

2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణము వద్ద తీరము దాటెను. అప్పటి గాలివేగము గంటకు సుమారు 180 కిలోమీటర్లు. అట్టి గాలి ఎదురుగా నున్న గోడపై చదరపు మీటరునకు సుమారు 150 కిలోల బరువంత యొత్తిడి కలిగించును. ఆ దినమున నగరములో ఎన్నియో మేడల కిటికీ అద్దములు పగిలిపోయెను. తుఫానువేళ కిటికీ ఊడిపోయినచో గాలి లోనికి దూరి కప్పును క్రిందినుండి పైకి త్రోయును. వెలుపలి గాలి దానిని పైనుండి లాగును. రేకుల కప్పులు లేచిపోవుటకు ఇదియొక కారణము. వాననీటికి చివికిన చౌకట్టు, త్రుప్పుపట్టిన బందులు అట్టి గాలికి నిలువజాలవు. కావున కిటికీ కారుట చిన్న లోపమని ఉపేక్షింపరాదు.

ఒక గృహస్థుని యింట ఇట్లు జరిగినదనుకొందము. వాన కురిసినప్పుడెల్ల తూర్పుగది కిటికీ క్రింది గోడ చెమ్మగిల్లుచుండెను. ఆ గోడకే స్విచ్చిబోర్డు కలదు. గృహస్థుడు చౌకట్టు క్రింది సందును వెలుపలనుండి సిమెంటుతో పూడ్చెను. మరుసటి వానకు చెమ్మ తగ్గకపోగా, రెట్టింపాయెను. అప్పుడొక వృద్ధుడైన వడ్రంగిని పిలిపించెను.

వడ్రంగి కిటికీని చూచి, "అయ్యా! నీరు కనబడుచోటు వేఱు, చొరబడుచోటు వేఱు. ముందుగా అది వచ్చు త్రోవను కనుగొందము," అనెను.

అతడు మొదట మెయిన్ స్విచ్చిని కట్టివేయించెను. గృహస్థుని కుమారుని సుద్దముక్కతో లోపల నిలిపి, తాను వెలుపలినుండి చెంబుతో నీరు పోయసాగెను. ముందుగా అడుగుచెక్క వద్ద పోసి, పది నిమిషములు వేచెను. లోపల తడి కానరాలేదు. తరువాత ప్రక్క సందులపై పోసెను, అప్పుడును లేదు. తుదకు సన్‌షేడు గోడను కలియుచోట పోసెను. కొంతసేపటికి, "తాతా! పైమూల తడియుచున్నది," అని బాలుడు కేకవేసి, అచ్చట సుద్దతో గుర్తు పెట్టెను.

క్రిందినుండి పైకి పరీక్షించుటలోని కీలక మిది. ముందే పైన పోసినచో నీరు అన్ని సందులమీదుగా జారును. ఏది దోషియో తెలియదు.

"సన్‌షేడుపై నిలిచిన నీరు ఈ బీటలో దిగి, చౌకట్టు వెనుకగా క్రిందికి జారుచున్నది. ఇంతకుముందు దానిలో కొంత క్రింది సందున బయటికి పోయెడిది. తమరు ఆ సందును మూయుటచే అంతయు గోడలోనికి మరలినది," అని వడ్రంగి వివరించెను.

పిదప మరమ్మతు సాగినది. పూడ్చిన సిమెంటును తీసివేసిరి. తాపీమేస్త్రీ పైబీటను ఉలితో వెడల్పుచేసి, దుమ్ము తుడిచి, తడిపి, నీరు పీల్చని మందు కలిపిన సిమెంటుతో నింపెను. నీరు నిలువకుండ సన్‌షేడునకు వెలుపలివైపు వాలు పెట్టెను. నీటిబొట్టు అడుగుభాగమున అంటుకొని గోడవైపునకు ప్రాకును గనుక, అడుగున అంచుపొడవునా ఒక గాడి తీసెను. గాడి వద్దకు వచ్చిన బొట్టు ముందునకు పోలేక క్రింద పడిపోవును.

వడ్రంగి చౌకట్టును ఆరతో పొడిచి చూచెను. ఆర మెత్తగా దిగినచోట చివికిన కొయ్యను కోసివేసి క్రొత్త ముక్క అతికెను. ఎండిన లప్పమును గీకి, సుద్దపొడియు అవిసెనూనెయు కలిపిన క్రొత్త లప్పమును అద్దముల చుట్టు పెట్టెను. త్రుప్పుపట్టిన ఇనుపమరలను తీసి ఇత్తడి మరలు బిగించెను. ఉప్పుగాలిలో ఇనుము త్వరగా త్రుప్పుపట్టుటయే కాక, ఉబ్బి తన్ను పట్టియున్న కొయ్యను చీల్చును. రంగు మాత్రము వెంటనే వేయలేదు. తడికొయ్యపై రంగు వేసినచో చెమ్మ లోపల చిక్కుకొని కొయ్య మఱింత చివుకును. కొయ్య బాగుగా ఆరిన పిమ్మటనే రంగు పూసిరి.

అల్యూమినియము కిటికీలకు సైతము ఇదే న్యాయము వర్తించును. రెక్కలు జరుగు పట్టాలలో నీరు పోవుటకు చిన్న రంధ్రములుండును. అవి దుమ్ముతో పూడినచో నీరు నిండి గదిలోనికి పొర్లును. వాటిని పుల్లతో శుభ్రము చేయవలెనే కాని, కారుచున్నవని మూయరాదు.

జూన్‌కు ముందొకసారి, అక్టోబరుకు ముందొకసారి ఇంటి కిటికీలను పరీక్షించుట తీరవాసులకు మేలు. బాలబాలికలు కూడ ఇందు తోడ్పడవచ్చును. వాన కురియునప్పుడు తడి మొదట ఎచ్చట కనబడినదో చూచి, పెద్దలకు చెప్పవలెను. స్విచ్చిబోర్డు వద్ద గోడ తడిసియున్నచో దానిని తాకరాదు. నీరు వచ్చు త్రోవను మూసి, పోవు త్రోవను తెఱచియుంచుటయే ఈ మరమ్మతులోని ముఖ్యసూత్రము.

ప్రశ్నలు

1. పెంకుటింటి కిటికీకి గల రక్షణ డాబాయింటి కిటికీకి ఏల లేదు?
2. గృహస్థుడు సందు పూడ్చిన తరువాత చెమ్మ పెరుగుటకు కారణమేమి?
3. వడ్రంగి నీటిని క్రిందినుండి పైకి పోసి పరీక్షించుట ఎందులకు?
4. సన్‌షేడు అడుగున తీసిన గాడి ఎట్లు ఉపయోగపడును?