దిగుబడి పెరిగింది, ఎవరి వల్ల?

ఏదైనా పథకం వచ్చాక మంచి జరిగితే, ఆ మంచంతా పథకం వల్లే అనేస్తాం. నాన్నగారికి బదిలీ అయిన ఏడాది మీ లెక్కల మార్కులు పెరిగాయనుకోండి. కొత్త బడి గొప్పదా, లేక ఆ ఏడాది ప్రశ్నపత్రం తేలికా? పాత బడిలో ఉండిపోయిన మీ స్నేహితుడి మార్కులు కూడా చూస్తే గాని తెలియదు. అతనికీ అంతే పెరిగితే కొత్త బడి గొప్పతనం ఏమీ లేనట్టే. సరిగ్గా ఇలాగే పరీక్షించిన పెద్ద ఉదాహరణ ఒకటి మనం ఇప్పుడుంటున్న బెంగాల్లోనే ఉంది.

1978లో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 'ఆపరేషన్ బర్గా' మొదలుపెట్టింది. బర్గాదారు అంటే ఇతరుల పొలాన్ని పాలుకు చేసే రైతు. చేతిలో కాగితం ఉండేది కాదు. మామూలుగా పంటలో సగం భూస్వామికి పోయేది, పొమ్మన్నప్పుడు పోవాల్సిందే. అధికారులు ఊరూరా వెళ్లి ఈ రైతుల పేర్లు నమోదు చేశారు. పేరు నమోదైన రైతు భూస్వామి వాటా సక్రమంగా ఇస్తున్నంతకాలం అతన్ని వెళ్లగొట్టడానికి వీల్లేదు. పెట్టుబడి తనదే అయితే పంటలో నాలుగింట మూడు వంతులు అతనివే.

మరి సిద్ధాంతం ఏమంటుంది? అదనంగా పది బస్తాలు పండిస్తే ఐదు ఇంకొకరికి పోతాయంటే ఎవరు ఒళ్లు వంచుతారు? ఏడున్నర మిగులుతాయంటే వంచుతారు. అంటే దిగుబడి పెరగాలి. కానీ అదే సిద్ధాంతం ఇంకో మాట కూడా చెబుతుంది: తీసేస్తారన్న భయం పోతే శ్రద్ధ తగ్గవచ్చు. ఏది గెలుస్తుందో కాగితం మీద తేలదు.

కోల్‌కతా ప్రెసిడెన్సీ కాలేజీలో చదివి 2019లో నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, పాల్ గెర్ట్లర్, మైత్రీశ్ ఘటక్ కలిసి 2002లో దీనిపై పరిశోధన ప్రచురించారు. పశ్చిమ బెంగాల్‌ను బంగ్లాదేశ్‌తో పోల్చారు. ఇంచుమించు అదే వాన, అదే నేల, అదే వరి. బర్గా నమోదు మాత్రం సరిహద్దుకు ఇటువైపే. అంతటితో ఆగక, నమోదు ఎక్కువ జరిగిన జిల్లాల్లో దిగుబడి ఎక్కువ పెరిగిందా అని కూడా చూశారు. ఆ తర్వాత పెరిగిన దిగుబడిలో సుమారు 28 శాతం ఈ సంస్కరణ వల్లేనని తేల్చారు.

నాకు మాత్రం దీని తర్వాత వచ్చిన పరిశోధనే ఎక్కువ నచ్చింది. ప్రణబ్ బర్ధన్, దిలీప్ ముఖర్జీ 89 గ్రామాల్లోని పొలాల లెక్కలు తీసుకున్నారు. 2011లో వచ్చిన వారి వ్యాసం ప్రకారం బర్గా ప్రభావం ఉంది గాని, పంచాయతీల ద్వారా పంచిన విత్తనాలు, ఎరువుల 'మినీకిట్ల' ప్రభావం అంతకంటే చాలా పెద్దది. జిల్లా మొత్తం లెక్కలో రెండూ కలిసిపోవచ్చు, పొలం లెక్కలో అయితే విడదీసి చూడవచ్చు.

ఆంధ్రప్రదేశ్‌లో కౌలు రైతులకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం 2011లో వచ్చింది. సెలవుల్లో మీ ఊరు వెళ్లినప్పుడు ఆలోచించండి: ఆ కార్డుల వల్ల ఏం మారిందో తెలుసుకోవాలంటే, ఎవరి పొలాన్ని ఎవరి పొలంతో పోల్చాలి?